పేరు మిగిలిన నియోజకవర్గం: చాందినీచౌక్ పార్లమెంటరీ చరిత్ర (1952–2024)

వ్యాససంగ్రహం

వైశాల్యం రీత్యా భారతదేశంలో అతిచిన్న లోక్‌సభ నియోజకవర్గంగా చాందినీచౌక్ చాలాకాలం పేరుపొందింది. పాత ఢిల్లీ ప్రాకారనగరాన్ని కేంద్రంగా చేసుకొని ఏర్పడిన ఈ నియోజకవర్గ చరిత్రను 1952 నుండి 2024 వరకు ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నియోజకవర్గం చిన్నదిగా ఉండిపోవడానికి గల కారణాలు, ఆ చిన్నతనం వల్ల స్థానిక సమస్యలకు పార్లమెంటులో లభించిన స్థానం, 2008 పునర్విభజనతో వచ్చిన మార్పు ఇందులోని ప్రధానాంశాలు. పునర్విభజన ఓటు విలువలోని అసమానతను సరిదిద్దింది. అయితే అదే ప్రక్రియలో ప్రాకారనగరం తన పేరుగల నియోజకవర్గంలోనే అల్పసంఖ్యలోకి వెళ్లిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చాందినీచౌక్, షాజహానాబాద్, నియోజకవర్గాల పునర్విభజన, తుర్క్‌మాన్ గేట్, ఓటు విలువ, పాత నగరాలు.

1. ప్రవేశిక

నియోజకవర్గ చరిత్ర అనగానే సాధారణంగా గెలిచినవారి జాబితా, పార్టీల బలాబలాలు, మెజారిటీల అంకెలు గుర్తుకువస్తాయి. నియోజకవర్గపు సరిహద్దును మాత్రం మనం స్థిరమైన వేదికగా భావించి పక్కన పెడతాం. నిజానికి ఆ సరిహద్దు కూడా చరిత్రలో పాత్రధారియే. ఎవరు ఎవరితో కలిసి ఓటు వేయాలో, ఏ వీధి సమస్య ఏ ప్రతినిధికి ప్రధానమవుతుందో అదే నిర్ణయిస్తుంది.

ఈ విషయాన్ని అధ్యయనం చేయడానికి చాందినీచౌక్ అనువైన ఉదాహరణ. 2008కి ముందు దీని వైశాల్యం సుమారు 10 చదరపు కిలోమీటర్లు. అదే సభకు ఒక సభ్యుణ్ణి పంపే లడఖ్ నియోజకవర్గం 1,73,000 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. వైశాల్యంలో ఇంత అంతరం ఉన్నా అది దానికదే అన్యాయం కాదు. ప్రాతినిధ్యం నేలకు కాదు, మనుషులకు. ప్రశ్న ఉత్పన్నమయ్యేది ఓటర్ల సంఖ్యలో అంతరం పెరిగినప్పుడు. చాందినీచౌక్ చరిత్రలో ఈ రెండు అంతరాలూ కలిసి కనిపిస్తాయి.

2. ప్రాకారనగరం, దాని సామాజిక నిర్మాణం

షాజహాన్ చక్రవర్తి 1639లో ఎర్రకోట నిర్మాణాన్ని ఆరంభించాడు. 1648లో కోట ప్రారంభమైంది. కోట లాహోరీ దర్వాజా నుండి ఫతేపురీ మసీదు వరకు సాగే రాజవీధిని ఆయన కుమార్తె జహనారా బేగం 1650 ప్రాంతంలో తీర్చిదిద్దింది. ఆ వీధిలోని ఒక కూడలి పేరైన చాందినీచౌక్ క్రమంగా వీధి మొత్తానికి, తరువాత నియోజకవర్గానికి పేరైంది. సుమారు 1,500 ఎకరాల ఈ ప్రాకారనగరంలో వృత్తిని బట్టి, కులాన్ని బట్టి, మతాన్ని బట్టి వాడలు ఏర్పడ్డాయి. దరీబా వెండి, నగల వ్యాపారానికీ, ఖారీ బావలీ సుగంధద్రవ్యాలకూ, చావ్‌డీ బజార్ ఇత్తడికీ ఆపై కాగితానికీ, నయీ సడక్ పుస్తకాలకూ కేంద్రాలయ్యాయి. మీర్జా గాలిబ్ చివరి సంవత్సరాలు గడిపిన ఇల్లు బల్లీమారాన్‌లో ఉంది.

1857 తిరుగుబాటు అణచివేత ఈ నగర స్వరూపాన్ని మార్చివేసింది. సెప్టెంబరులో నగరాన్ని తిరిగి ఆక్రమించిన బ్రిటిష్ సైన్యం నివాసులను వెళ్లగొట్టింది. కోట చుట్టూ ఉన్న వాడలను కూల్చివేసింది. జామా మసీదు 1862లో గాని ముస్లిములకు తిరిగి దక్కలేదు. ఫతేపురీ మసీదు లాలా చున్నామల్ అనే వర్తకుని చేతికి వేలంలో వెళ్లి 1877లో తిరిగి వచ్చింది. ఈ కాలంలోనే వర్తకవర్గాల ఆర్థికబలం పెరిగింది. 1860లలో ఏర్పడిన పురపాలక సంఘం, దాని టౌన్‌హాలు భవనం నగర ప్రముఖులకు రాజకీయ వేదికను కల్పించాయి.

జాతీయోద్యమకాలంలో ఈ వీధి బహిరంగ రాజకీయాలకు రంగస్థలమైంది. 1912 డిసెంబరు 23న వైస్రాయి హార్డింజిపై బాంబు పడింది ఇక్కడే. 1919 మార్చి 30న రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా జరిగిన హర్తాళ్‌లో రైల్వేస్టేషన్ వద్ద, ఘంటాఘర్ వద్ద కాల్పులు జరిగాయి. ఆ దినాన సైనికుల తుపాకులకు ఎదురు నిలిచిన ఆర్యసమాజ నాయకుడు స్వామి శ్రద్ధానంద ఏప్రిల్ 4న జామా మసీదు వేదికనుండి ప్రసంగించాడు. హిందూ ముస్లిం ఐక్యతకు ఢిల్లీవాసులు చాలాకాలం చెప్పుకొన్న ఉదాహరణ ఇది. అనంతరకాలపు ఎన్నికలలో ఈ వారసత్వాన్ని పరస్పర విరుద్ధ పక్షాలు తమ తమ పద్ధతుల్లో వాడుకున్నాయి.

3. దేశవిభజన, తొలి ఎన్నికలు

1947 నాటి హింస ప్రాకారనగరపు జనాభాను కదిలించివేసింది. ఢిల్లీ ముస్లిములలో అధికభాగం పాకిస్తాన్‌కు తరలిపోయారు. పశ్చిమ పంజాబునుండి హిందువులు, సిక్కులు వచ్చి చేరారు. 1951 జనగణన ఢిల్లీలో దాదాపు 5 లక్షలమంది శరణార్థులను నమోదుచేసింది. అప్పటి మొత్తం జనాభా సుమారు 17.4 లక్షలు మాత్రమే. గాంధీజీ 1948 జనవరి 13 నుండి 18 వరకు చేసిన చివరి నిరాహారదీక్ష ఈ నగర ముస్లిముల భద్రత కోసమే.

ఈ నేపథ్యంలో తొలి సార్వత్రిక ఎన్నికలలో పాత నగరం ‘ఢిల్లీ సిటీ’ నియోజకవర్గంలో భాగమైంది. కాంగ్రెస్ అభ్యర్థి రాధారమణ్ అక్కడ విజయం సాధించాడు. 1957 ఎన్నికల నాటికి ‘చాందినీచౌక్’ పేరుతో ప్రత్యేక నియోజకవర్గం ఏర్పడింది. దాని తొలి సభ్యుడు కూడా రాధారమణే.

ఇక్కడ ఒక పాలనాపరమైన అంశాన్ని గమనించాలి. 1952లో ఏర్పడిన ఢిల్లీ శాసనసభ 1956 నవంబరు 1న రద్దయింది. తిరిగి పూర్తిస్థాయి శాసనసభ ఎన్నికలు జరిగింది 1993లోనే. మధ్యకాలంలో నగరపాలక సంస్థ, 1966 తరువాత సలహా అధికారాలు మాత్రమే గల మెట్రోపాలిటన్ కౌన్సిల్ ఉండేవి. భూమి, గృహనిర్మాణం, నగర ప్రణాళిక వంటి విషయాలు 1957లో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ ద్వారా కేంద్రప్రభుత్వం చేతిలో ఉండేవి. అందువల్ల ఇతర రాష్ట్రాలలో శాసనసభ్యుడు మోసే భారాన్ని ఇక్కడ లోక్‌సభ సభ్యుడు మోయవలసి వచ్చింది. ఒక గల్లీ కూల్చివేతకు కూడా జవాబు చెప్పవలసిన చట్టసభ పార్లమెంటే. నియోజకవర్గం చిన్నది కావడంతో ఆ గల్లీ ప్రజలు తమ ప్రతినిధికి సంఖ్యలో కూడా ముఖ్యులు.

4. రెండు రాజకీయ ధోరణులు: 1962–1971

1962లో కాంగ్రెస్ తరఫున శ్యామ్‌నాథ్ గెలిచాడు. అప్పటికి నగరంలో శరణార్థి కుటుంబాలు, చిన్న వర్తకుల మద్దతుతో భారతీయ జనసంఘ్ బలపడుతోంది. 1967లో ఢిల్లీలోని ఏడు స్థానాలలో ఆరింటిని జనసంఘ్ గెలుచుకుంది. చాందినీచౌక్‌లో గెలిచిన రామ్‌గోపాల్ శాల్‌వాలే ఆర్యసమాజ నాయకుడు. అంతకు కొద్ది నెలల ముందు, 1966 నవంబరులో, గోవధ నిషేధాన్ని కోరుతూ పార్లమెంటు వద్ద జరిగిన ప్రదర్శన కాల్పులకు దారితీసింది. ఆ వాతావరణంలో జరిగిన ఎన్నిక ఇది.

1971లో కాంగ్రెస్ సుభద్రా జోషీని ఈ స్థానంలో నిలబెట్టింది. 1947 అల్లర్లలో శాంతిదళ్ ద్వారా పనిచేసిన ఆమె మతతత్వ వ్యతిరేక ప్రచారానికి ప్రసిద్ధురాలు. 1962లో బలరాంపూర్‌లో అటల్ బిహారీ వాజపేయిని ఓడించింది కూడా ఆమెయే. ఆమె విజయంతో నియోజకవర్గం నాలుగేళ్లలో ఒక ధ్రువంనుండి మరొక ధ్రువానికి మారినట్లు కనిపిస్తుంది. ఓటర్లు ఒక్కసారిగా మారారని దీనికి అర్థం కాదు. వర్తక కుటుంబాలు, శరణార్థులు, ముస్లిం చేతివృత్తులవారు, దళిత శ్రామికులు ఇరుకైన ఒకే నేలపై నివసించే చోట ఏ ఒక్క వర్గమూ ఒంటరిగా గెలవలేదు. పొత్తు ఏ వైపు కుదిరితే ఫలితం ఆ వైపు మొగ్గేది.

5. తుర్క్‌మాన్ గేట్, 1977 తీర్పు

ప్రాకారనగరాన్ని 1956 మురికివాడల చట్టం కింద మురికివాడగా ప్రకటించారు. మూడువందల ఏళ్ల హవేలీలు, కట్రాలు ఒక్క నిర్వచనంతో ‘తొలగించదగిన’ ఆవాసాలయ్యాయి. ఈ దృష్టి అత్యవసర పరిస్థితి కాలంలో తీవ్రరూపం దాల్చింది. జామా మసీదుకు సమీపంలోని దుజానా హౌస్‌లో కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సల శిబిరం వెలసింది. తుర్క్‌మాన్ గేట్ వద్ద ఇళ్ల కూల్చివేత మొదలైంది. 1976 ఏప్రిల్ 19న ప్రతిఘటించిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణనష్టం జరిగింది. పత్రికలపై సెన్సారు ఉన్నందున ఆ వార్త ఆనాడు సరిగా వెలువడలేదు. తరువాత షా కమిషన్ ఈ ఘటనపై విచారణ జరిపింది.

ఇళ్లు కోల్పోయినవారిని యమునకు ఆవలి త్రిలోక్‌పురి, నంద్‌నగరి వంటి పునరావాస కాలనీలకు తరలించారు. ఎన్నికల చరిత్ర దృష్ట్యా దీనికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. కూల్చివేత ఇళ్లతోపాటు ఓటర్లనూ చిన్న నియోజకవర్గంనుండి పెద్ద నియోజకవర్గాలకు తరలించింది.

1977 మార్చి ఎన్నికలలో జామా మసీదు ఇమాము సయ్యద్ అబ్దుల్లా బుఖారీ కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా బహిరంగంగా ప్రచారం చేశాడు. అత్యవసర పరిస్థితిలో జైళ్లకు వెళ్లిన జనసంఘ్ కార్యకర్తలు అదే కూటమిలో ఉన్నారు. ఢిల్లీలో పుట్టి పెరిగిన సికందర్ భక్త్ జనతా పక్ష అభ్యర్థిగా సుభద్రా జోషీని ఓడించాడు. ఢిల్లీలోని ఏడు స్థానాలూ జనతాకే దక్కాయి. మతతత్వ వ్యతిరేకతకు జీవితం అంకితం చేసిన నాయకురాలు ముస్లిం వాడల ఆగ్రహానికి గురై ఓడిపోవడం ఆమె వ్యక్తిగత చరిత్రపై తీర్పు కాదు. ఆమె పార్టీ ప్రభుత్వంపై తీర్పు. మొరార్జీ దేశాయి మంత్రివర్గంలో సికందర్ భక్త్‌కు దక్కినది పనులు, గృహనిర్మాణ శాఖ. కూల్చివేతకు గురైన నియోజకవర్గపు ప్రతినిధి ఆ విధానాలకు బాధ్యత వహించే శాఖకే మంత్రి అయ్యాడు. చిన్న నియోజకవర్గపు గొంతు జాతీయస్థాయిలో అంత స్పష్టంగా వినిపించిన సందర్భం ఆ తరువాత రాలేదు.

6. స్తంభించిన సరిహద్దు: 1976–2008

తుర్క్‌మాన్ గేట్ ఘటన జరిగిన సంవత్సరంలోనే 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1971 జనగణన ఆధారంగా నిర్ణయించిన స్థానాలను, సరిహద్దులను 2000 తరువాతి తొలి జనగణన వరకు మార్చరాదని అది నిర్దేశించింది. జనాభా నియంత్రణలో ముందున్న రాష్ట్రాలు స్థానాలు కోల్పోరాదన్నది ఈ నిర్ణయం వెనుక ఉన్న ఉద్దేశం. కాని రాష్ట్రాల మధ్య న్యాయం కోసం చేసిన ఈ ఏర్పాటు ఒక్కొక్క నగరం లోపల అసమానతను పెంచింది.

ఢిల్లీ జనాభా 1971లో సుమారు 40.7 లక్షలు. 2001 నాటికి అది 138.5 లక్షలయింది. పెరుగుదల దాదాపు అంతా నగరపు అంచులలో, అనధికార కాలనీలలో, పునరావాస కాలనీలలో జరిగింది. ప్రాకారనగరంలో దీనికి భిన్నమైన పరిణామం కనిపించింది. ఇళ్లు గోదాములయ్యాయి, హవేలీల గదులు దుకాణాలయ్యాయి. స్తోమత గల కుటుంబాలు వ్యాపారాన్ని ఇక్కడే ఉంచి నివాసాన్ని ఉత్తర, పశ్చిమ ఢిల్లీ కాలనీలకు మార్చాయి. పగలు కిక్కిరిసి ఉండే వీధులకు రాత్రి ఓటర్లు తక్కువ. ఫలితంగా 2004 ఎన్నికల నాటికి ఔటర్ ఢిల్లీ నియోజకవర్గంలో ఓటర్లు 30 లక్షలు దాటగా, చాందినీచౌక్‌లో 4 లక్షలకు లోపే ఉన్నారు. ఒకే నగరంలో ఒక ఓటరు విలువ మరొక ఓటరు విలువకు ఏడెనిమిది రెట్లయింది.

ఈ మూడు దశాబ్దాలలో పోటీ కాంగ్రెస్, భాజపాల మధ్య సాగింది. 1980లో భీకూరామ్ జైన్, 1984, 1989లలో జయప్రకాశ్ అగర్వాల్ కాంగ్రెస్ పక్షాన గెలిచారు. 1991లో భాజపా అభ్యర్థి తారాచంద్ ఖండేల్వాల్, 1996లో మళ్లీ అగర్వాల్, 1998, 1999లలో భాజపాకు చెందిన విజయ్ గోయల్ ఎన్నికయ్యారు. గెలిచినవారిలో ఎక్కువమంది వైశ్య, జైన వర్తక సమాజాలకు చెందినవారు. ముస్లిం ఓటర్లు గణనీయంగా ఉన్నప్పటికీ సికందర్ భక్త్ తరువాత ఈ స్థానంనుండి ముస్లిం సభ్యుడు ఎన్నిక కాలేదు. 1993లో శాసనసభ పునరుద్ధరణ తరువాత ఆ ప్రాతినిధ్యం శాసనసభ స్థాయిలో వ్యక్తమైంది. మటియా మహల్‌లో షోయబ్ ఇక్బాల్, బల్లీమారాన్‌లో హారూన్ యూసుఫ్ 1993 నుండి 2013 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచారు.

7. 2008: సమానత, దాని మూల్యం

84వ సవరణ రాష్ట్రాల వారీ స్థానాల సంఖ్యను 2026 తరువాతి తొలి జనగణన వరకు యథాతథంగా ఉంచింది. అయితే రాష్ట్రం లోపలి సరిహద్దులను సవరించడానికి అవకాశమిచ్చింది. 87వ సవరణ ఇందుకు 2001 జనగణనను ఆధారం చేసింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన పునర్విభజన సంఘం నిర్ణయాలు 2008 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చాయి. ఢిల్లీ జనాభాను ఏడుతో భాగిస్తే ఒక్కొక్క నియోజకవర్గానికి సుమారు 19.8 లక్షలు వస్తుంది. పాత నగరం ఒక్కటే ఆ సంఖ్యకు చాలదు.

ఔటర్ ఢిల్లీ, కరోల్‌బాగ్, ఢిల్లీ సదర్ అనే పేర్లు రద్దయ్యాయి. చాందినీచౌక్ పేరు మిగిలింది. నియోజకవర్గం మాత్రం వాయవ్యంగా విస్తరించింది. కొత్త నియోజకవర్గంలోని పది శాసనసభ స్థానాలు: చాందినీచౌక్, మటియా మహల్, బల్లీమారాన్, సదర్ బజార్, మోడల్ టౌన్, ఆదర్శ్ నగర్, షాలిమార్ బాగ్, శకూర్ బస్తీ, త్రినగర్, వజీర్‌పూర్. వీటిలో ప్రాకారనగరానికి చెందినవి మొదటి మూడు మాత్రమే. మార్పు పరిమాణాన్ని ఓట్లే తెలుపుతాయి. 2004లో కాంగ్రెస్ అభ్యర్థి కపిల్ సిబల్ సుమారు లక్షా పాతిక వేల ఓట్లతో సునాయాసంగా గెలిచాడు. 2009లో ఆయనకే నాలుగున్నర లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఓటర్ల సంఖ్య 14 లక్షలు దాటింది.

2014, 2019లలో భాజపా అభ్యర్థి డాక్టర్ హర్షవర్ధన్, 2024లో అదే పార్టీకి చెందిన అఖిలభారత వర్తక సమాఖ్య నాయకుడు ప్రవీణ్ ఖండేల్వాల్ గెలిచారు. 1984లో ఇక్కడ తొలిసారి గెలిచిన జయప్రకాశ్ అగర్వాల్ నలభై ఏళ్ల తరువాత 2024లో సుమారు 89 వేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

2025 ఫిబ్రవరి శాసనసభ ఫలితాలు నియోజకవర్గం లోపలి అంతరాన్ని స్పష్టం చేశాయి. చాందినీచౌక్, మటియా మహల్, బల్లీమారాన్, సదర్ బజార్ స్థానాలను ఆమ్ ఆద్మీ పార్టీ గెలుచుకోగా మిగిలిన ఆరు స్థానాలూ భాజపాకు దక్కాయి. నగరమంతటా గాలి మారినా పాత నగరం మారలేదు. పార్లమెంటు స్థానంలో ఆ భిన్నాభిప్రాయం ఆరు కొత్త ప్రాంతాల సంఖ్యలో కలిసిపోతుంది. ఢిల్లీ ప్రస్తుత ముఖ్యమంత్రి రేఖా గుప్తా ఎన్నికైన షాలిమార్ బాగ్ ఈ లోక్‌సభ నియోజకవర్గంలోనిదే. అయినా ప్రణాళికాబద్ధమైన ఆ కాలనీకీ, కట్రాలలో నీటి కుళాయి కోసం, కూలిపోతున్న పైకప్పు మరమ్మతు కోసం ఎదురుచూసే వాడకూ ఉమ్మడి సమస్యలు బహు తక్కువ.

8. హైదరాబాదు: వ్యతిరేక దిశలో జరిగిన మార్పు

ఇదే పునర్విభజన మరొక పాత నగరంలో సరిగ్గా ఎదురు దిశలో పనిచేసింది. 2008కి ముందు హైదరాబాదు లోక్‌సభ నియోజకవర్గంలో పాతబస్తీతోపాటు వికారాబాద్, తాండూరు వంటి దూరపు గ్రామీణ స్థానాలు ఉండేవి. అవి కొత్తగా ఏర్పడిన చేవెళ్ల నియోజకవర్గంలోకి వెళ్లాయి. హైదరాబాదు మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురాలతో పూర్తిగా నగర నియోజకవర్గమైంది. పాతబస్తీలో జనసాంద్రత నిలిచి ఉన్నందున అది ఒంటరిగా ఒక నియోజకవర్గానికి సరిపోయింది. వ్యాపారం నివాసాన్ని తరిమివేసిన పాత ఢిల్లీ సరిపోలేదు. సూత్రం ఒక్కటే అయినా ఒక పాత నగరానికి ఏకరూపత దక్కింది, మరొకదానికి విలీనం తప్పలేదు.

పునర్విభజన సాధించిన సమానత కూడా శాశ్వతం కాదు. ఔటర్ ఢిల్లీ రద్దయిన తరువాత అత్యధిక ఓటర్లు గల నియోజకవర్గంగా మన మల్కాజిగిరి నిలిచింది. 2008లోనే ఏర్పడిన ఆ నియోజకవర్గంలో 2019 నాటికి 31 లక్షలు, 2024 నాటికి 37 లక్షలు దాటిన ఓటర్లు ఉన్నారు. ఒక నగరపు అంచులో తొలగించిన వ్యత్యాసం మరొక నగరపు అంచులో తిరిగి ఏర్పడింది.

9. ముగింపు

పై పరిశీలననుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, చాందినీచౌక్ చిన్నతనం కేవలం భౌగోళికం కాదు. సరిహద్దుల స్తంభన, కూల్చివేతలు, నివాసం స్థానంలో వ్యాపారం విస్తరించడం కలిసి దానిని చిన్నదిగా నిలిపాయి. రెండవది, శాసనసభ లేని కాలంలో ఆ చిన్నతనం స్థానిక ప్రజలకు పార్లమెంటులో తగిన స్థానం కల్పించింది. 1977 ఎన్నిక దీనికి ప్రబల నిదర్శనం. మూడవది, 2008 మార్పు అనివార్యం, న్యాయసమ్మతం కూడా. ఔటర్ ఢిల్లీలోని పేద ఓటరు విలువ ఏడెనిమిదో వంతుకు పడిపోయిన స్థితిని పాత నగరపు ప్రత్యేకత పేరుతో సమర్థించలేం.

అయినా సంఖ్యను సమం చేయడంతో ప్రాతినిధ్యం పరిపూర్ణమైనట్లు భావించరాదు. 2026 తరువాతి జనగణన ఆధారంగా జరగవలసిన పునర్విభజనపై తెలుగు రాష్ట్రాలలో చర్చ ప్రధానంగా మనకు ఎన్ని స్థానాలు దక్కుతాయన్న ప్రశ్న చుట్టూ సాగుతోంది. అది అవసరమైన ప్రశ్నే. దానితోపాటు ఆ స్థానాల గీతలను ఎక్కడ గీస్తారు, ఏ బస్తీని దేనితో కలుపుతారు, నివాసులు తగ్గుతున్న పాత వాడల మాట ఎవరి సంఖ్యలో కలుస్తుంది అన్న ప్రశ్నలనూ వేయవలసి ఉంది. లోక్‌సభ స్థానంలో కలిసిపోయే స్థానిక భేదాలకు శాసనసభ, నగరపాలక సంస్థల స్థాయిలోనైనా నిజమైన అధికారం గల ప్రాతినిధ్యం ఉండాలి. పేరు నిలిచి నేల పలచబడిన చాందినీచౌక్ చరిత్ర ఈ అవసరాన్నే సూచిస్తోంది.